రెండు రూపాయల వడ్డీ కడుతూ లీజు కారు: బరంపురం వైపు కుటుంబాలకు ఒక లెక్క

“డౌన్ పేమెంట్ అక్కర్లేదు, ఇన్సూరెన్సు మాదే, సర్వీసూ మాదే, నెలనెలా అద్దె కడితే చాలు.” కారు లీజు గురించి చెప్పే ఈ మాట అందరికంటే ముందు అప్పుల్లో ఉన్నవాళ్లను ఆకట్టుకుంటుంది. చేతిలో ఒక్కసారిగా పెట్టడానికి లక్ష రూపాయలు లేనివాళ్లకు కారు దొరికే దారి ఇదొక్కటే అనిపిస్తుంది. తీరా లెక్క వేస్తే, ఈ ఏర్పాటు బరువు ఎక్కువగా పడేది కూడా వాళ్లమీదే.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు ఉన్న తెలుగు కుటుంబాలకు కారు అవసరం నిజమైనదే. పెద్ద జబ్బు చేస్తే విశాఖ వెళ్లాలి. పిల్లల చదువు భువనేశ్వర్‌లో. పెళ్లిళ్లు, పేరంటాలు ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా. అవసరం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అప్పు తీరుతుండగా ఆ అవసరాన్ని ఏ దారిలో తీర్చుకుంటే తక్కువ నష్టం అన్నదే ప్రశ్న.

ముందు ఇంట్లో ఉన్న అప్పును ఒకే కొలతలోకి తేవాలి. మన వైపు వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం, బ్యాంకు ఏడాదికి ఇంత శాతమని చెబుతుంది. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24, మూడు రూపాయలంటే 36. క్రెడిట్ కార్డు బాకీ కూడా చాలా వరకు ఈ మూడు రూపాయల దగ్గరే ఉంటుంది, కొన్ని కార్డులు మూడున్నర పైన కూడా వేస్తాయి. బజారు ఫైనాన్సు వాళ్లు చెప్పే ఫ్లాటు వడ్డీ ఇంకో రకం మోసం. 5 ఏళ్లకు 8 శాతం ఫ్లాటు అంటే తక్కువే కదా అనిపిస్తుంది. కానీ అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు మొత్తం మీదే పడుతుంది కాబట్టి, బ్యాంకు లెక్కలో అది 14 శాతం పైనే. ఇంట్లో ఉన్న ప్రతి అప్పుకూ ఇలా ఏడాది శాతం రాసి, ఎక్కువ శాతం ఉన్నది పైన ఉండేలా కాగితం మీద పేర్చుకోవాలి. కారు గురించిన ఏ లెక్కయినా ఆ పై వరుసతోనే మొదలవుతుంది.

లీజు అంటే మనం వాడుకునే కారు, మనది కాని కారు. రిజిస్ట్రేషన్ పుస్తకంలో యజమానిగా చాలావరకు లీజు కంపెనీ పేరే ఉంటుంది. గడువు సాధారణంగా 24 నుంచి 60 నెలల వరకు. గడువు తీరాక కారు తిరిగి ఇవ్వాలి, లేదా వాళ్లు చెప్పిన ధరకు కొనుక్కోవాలి. మారుతి సుజుకి లాంటి తయారీదారులు 2020 నుంచి దీన్నే సబ్‌స్క్రిప్షన్ అనే పేరుతో అందిస్తున్నారు. పేరు ఏదైనా పత్రం అద్దె పత్రమే.

ఈ అద్దెలో చాలామంది చూడని ముక్క జీఎస్టీ. కారు అమ్మకం మీద ఏ రేటు ఉందో లీజు అద్దె మీదా అదే రేటు పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ లేదా 1500 సీసీ లోపు డీజిల్ ఇంజిన్ ఉన్న చిన్న కార్లకు అది 18 శాతం. అంతకంటే పెద్దవాటికి 40 శాతం. లోను తీసుకుని కొన్నప్పుడు జీఎస్టీ కారు ధర మీద ఒక్కసారే పడుతుంది, లోను వడ్డీ మీద జీఎస్టీ లేదు. లీజులో మాత్రం కంపెనీ తన పెట్టుబడి మీద వేసుకున్న వడ్డీ, లాభం, సర్వీసు ఖర్చు అన్నీ కలిపి అద్దె అవుతాయి, ఆ మొత్తం మీద పన్ను పడుతుంది. కొటేషన్‌లో అద్దె 15,000 అని పెద్ద అక్షరాల్లో ఉండి, కింద “పన్నులు అదనం” అని చిన్నగా ఉంటే అసలు కట్టేది 17,700.

ఇప్పుడు అంకెల్లోకి వెళ్దాం. ఆన్ రోడ్ ధర 7 లక్షలు ఉన్న చిన్న పెట్రోల్ కారు, 48 నెలల వాడకం అనుకుందాం. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు. ఎవరి కొటేషన్ వాళ్లు ఇదే వరుసలో పెట్టి చూసుకోవచ్చు.

లీజు అయితే పన్నుతో కలిపి నెలకు 17,700. 48 నెలలకు 8,49,600. ఇందులో ఇన్సూరెన్సు, సర్వీసు, రోడ్డు పన్ను కలిసే ఉన్నాయి. చివర్లో చేతిలో కారు లేదు.

లోను అయితే డౌన్ పేమెంట్ లక్ష, మిగతా 6 లక్షలు 10 శాతం వడ్డీకి 60 నెలల గడువు. నెల కిస్తీ సుమారు 12,748. 48 కిస్తీలకు 6,11,904 అవుతుంది, అప్పటికి ఇంకా 1,45,000 బాకీ మిగిలి ఉంటుంది. రెండో ఏడాది నుంచి ఇన్సూరెన్సు మొత్తం 54,000. సర్వీసు, ఒకసారి టైర్ల మార్పు కలిపి 52,000. అన్నీ కూడితే దాదాపు 9,63,000. నాలుగేళ్ల కారు 3,75,000కు అమ్ముడుపోయిందనుకుంటే నికరంగా పడిన ఖర్చు 5,88,000. లీజుకూ దీనికీ తేడా 2,61,600.

ఐదేళ్లు వాడిన కారును 2,50,000కు కొనడం మూడో దారి. అందులో 2 లక్షలు 15 శాతం వడ్డీకి 36 నెలల లోను తీసుకుంటే కిస్తీ 6,933, మొత్తం వడ్డీ 49,600. నాలుగేళ్ల ఇన్సూరెన్సు 32,000. పాత బండి కాబట్టి మరమ్మతుకు ఏడాదికి 25,000 చొప్పున లక్ష. చివర్లో 1,20,000కు అమ్మితే నికర ఖర్చు 3,11,600. మరమ్మతు అంచనా తప్పి రెట్టింపయినా, కొత్త కారు ఏ దారిలో తెచ్చుకున్నా పడే ఖర్చు కంటే ఇది తక్కువే.

ఇక్కడే లీజు వైపు వాళ్లు ఒక మాట అంటారు. డౌన్ పేమెంటుగా పోయే ఆ లక్షను అప్పు మీద కడితే వడ్డీ మిగులుతుంది కదా అని. న్యాయమైన ప్రశ్నే, దీనికి లెక్కతోనే జవాబు చెప్పాలి. ఇంట్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 3 లక్షల అప్పు ఉందనుకుందాం. నెలకు వడ్డీయే 6,000. లక్ష కట్టేస్తే అది 4,000కు దిగుతుంది. నెలకు 2,000 మిగులు, 48 నెలలకు 96,000. లోను దారిలో ఇన్సూరెన్సు, సర్వీసులను నెలలకు పంచితే కిస్తీతో కలిపి నెలకు 14,956 పడుతుంది. లీజు 17,700. తేడా 2,744లో 2,000 వడ్డీ మిగులుతో సరిపోయింది. నెలవారీగా చూస్తే లీజు 744 మాత్రమే ఎక్కువ. పరవాలేదనిపిస్తుంది.

కానీ 48 నెలల చివర ఏముందో చూడాలి. లోను కారు అమ్మి బాకీ తీరిస్తే 2,30,000 చేతికొస్తుంది. లీజు తీసుకున్నవాళ్లకు లక్ష అప్పు తగ్గి ఉంటుంది, అంతే. ఈ రెండూ కలుపుకుని చూసినా లీజు 1,65,600 ఎక్కువ ఖరీదు. ఆ తేడా పోవాలంటే నాలుగేళ్ల తర్వాత ఆ 7 లక్షల కారు 2,10,000కు కూడా అమ్ముడుపోని పరిస్థితి రావాలి. మామూలు వాడకంలో ఉన్న చిన్న పెట్రోల్ కారుకు ఆ గతి అరుదు. ఎలక్ట్రిక్ కార్ల విషయంలో మాత్రం పాత బండి ధర ఎలా ఉంటుందో ఇంకా స్థిరపడలేదు. అద్దె మీద జీఎస్టీ కూడా 5 శాతమే. కాబట్టి లీజుకు అన్నింటికంటే గట్టి వాదన ఉన్నది అక్కడే.

పైగా ఈ లెక్క అంతా ఆ లక్ష నిజంగా అప్పు మీదకే వెళ్లిందన్న ఊహ మీద నిలబడింది. చీటీ పాడిన డబ్బు ఇంట్లో ఉంటే అది శ్రావణ మాసం ఖర్చుల్లోనో, పిల్లల అడ్మిషన్‌లోనో కరిగిపోతుంది. లీజు పత్రం మీద సంతకం పెట్టిన వారంలోనే అప్పు కట్టి రశీదు తెచ్చుకోకపోతే 96,000 మిగులు అనేది కాగితం మీదే ఉంటుంది.

ఇంకో దారి అసలు లెక్కలోకే రాదు: అప్పు తీరే దాకా కారు వాయిదా వేయడం. ఆ 17,700ను మొత్తంగా 24 శాతం అప్పు మీద పెడితే 3 లక్షలు 21 నెలల్లో తీరిపోతాయి, వడ్డీ 70,000 దగ్గర ఆగుతుంది. లీజు అద్దె కడుతూ అప్పుకు వడ్డీ మాత్రమే కడుతూ పోతే 48 నెలల్లో వడ్డీకే 2,88,000 పోతుంది, అసలు 3 లక్షలు అలాగే కూర్చుని ఉంటాయి.

అయితే కారు లేకపోతే ఖర్చే ఉండదనుకోవడం సరికాదు. బరంపురం నుంచి విశాఖ రానూపోనూ సుమారు 520 కిలోమీటర్లు. కిలోమీటరుకు 13 రూపాయల కిరాయి, డ్రైవరు బత్తా 400 వేసుకుంటే ఒక ట్రిప్పు 7,160. అదే సొంత కారులో లీటరుకు 20 కిలోమీటర్లు, పెట్రోలు 105 అనుకుంటే 2,730. టోలు రెండింటికీ ఉంది. అంటే కిరాయి కారు వల్ల ట్రిప్పుకు అదనంగా పడేది 4,430. నెలకు ఒక ట్రిప్పు అలా వెళ్లినా అప్పు మీద పెట్టడానికి 13,270 మిగులుతుంది, 3 లక్షలు 31 నెలల్లో తీరతాయి. నెలకు నాలుగు ట్రిప్పులు వెళ్లేవాళ్లకు మాత్రమే కిరాయి, లీజు సరిసమానం అవుతాయి. బరంపురం హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీద ఉన్న స్టేషన్, విశాఖకు పగలూ రాత్రీ రైళ్లున్నాయి. రోగిని పడుకోబెట్టి తీసుకెళ్లాల్సిన ట్రిప్పులకు కారు, మిగతావాటికి రైలు అని విడదీసుకుంటే గడువు మళ్లీ 21 నెలల వైపు జరుగుతుంది. పర్లాకిమిడి, గుణుపూర్‌లో ఉన్నవాళ్లకు ఈ రైలు సౌకర్యం ఇంత సులువుగా లేదు కాబట్టి వాళ్ల లెక్క 31 నెలలకే దగ్గరగా ఉంటుంది.

అప్పు తీర్చే పద్ధతిలో కూడా ఒక చిక్కుంది. వడ్డీ వ్యాపారులు చాలామంది అసలులో కొంత కొంత తీసుకోవడానికి ఒప్పుకోరు, ఇస్తే మొత్తం ఇవ్వమంటారు. అలాంటప్పుడు బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి ఆ అప్పును ఒక్కసారే తీర్చేయడం మేలు. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, 2.5 లక్షలు దాటి 5 లక్షల వరకు తీసుకునే బంగారు లోనుకు నగ విలువలో 80 శాతం వరకు ఇవ్వవచ్చు. 3 లక్షలు కావాలంటే 3,75,000 విలువ చేసే బంగారం పెట్టాలి. 10 శాతం వడ్డీకి దొరికితే నెల వడ్డీ 6,000 నుంచి 2,500కు దిగుతుంది. అదే 17,700 కడితే 19 నెలల్లో తీరుతుంది, మొత్తం వడ్డీ 25,000 లోపే. ప్రోనోటు వెనక్కి తెచ్చుకోవడం, లేదా కనీసం దాని వెనుక చెల్లు రాయించి సంతకం, తేదీ వేయించుకోవడం మరిచిపోకూడదు. తీరిన అప్పుకు నోటు బయట తిరుగుతుంటే అది తీరని అప్పే.

సరిహద్దు జిల్లాల్లో ఉన్నవాళ్లకు లీజులో ఎక్కువ దెబ్బ తగిలేది కిలోమీటర్ల దగ్గర. చాలా పత్రాల్లో ఏడాదికి 10,000, 12,000 లేదా 15,000 కిలోమీటర్ల హద్దు ఉంటుంది. ఏడాదికి 15,000 అంటే నెలకు 1,250. నెలకు రెండుసార్లు విశాఖ వెళ్లొస్తే 1,040 అక్కడే అయిపోయాయి. బరంపురంలో దుకాణం, బడి, గోపాలపూర్, ఛత్రపురం తిరుగుడుకు ఇంకో 600 వేసుకుంటే నెలకు 390 కిలోమీటర్లు హద్దు దాటుతాయి. 48 నెలలకు 18,720. కిలోమీటరుకు 7 రూపాయల జరిమానా అయితే 1,31,040, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,54,600 పైచిలుకు. ఇది నెలనెలా కనపడదు, కారు తిరిగి ఇచ్చే రోజున ఒకేసారి బిల్లుగా వస్తుంది. ఊళ్లోనే తిరిగే నగర ఉద్యోగి కోసం గీసిన హద్దు ఇది. ఆసుపత్రికీ, బంధువుల ఇంటికీ రాష్ట్రం దాటాల్సిన కుటుంబానికి సరిపోదు. కొటేషన్ అడిగేటప్పుడే ఏడాదికి 20,000 హద్దుతో అద్దె ఎంతో అడిగి ఆ అంకెతోనే లెక్క వేయాలి. చివరి జరిమానా కంటే అలా ముందే అడిగిన అద్దె సాధారణంగా చౌక.

రెండో దెబ్బ నంబరు ప్లేటు. లీజు కంపెనీలు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే పనిచేస్తాయి కాబట్టి, విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న చుట్టాల చిరునామా ఇచ్చి కారు తీసుకుని బరంపురంలో తిప్పడం అనే ఆలోచన చాలామందికి వస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 47 ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరుకు దరఖాస్తు చేయాలి. గంజాంకు ఓడీ-07, గజపతికి ఓడీ-20, రాయగడకు ఓడీ-18, కోరాపుట్‌కు ఓడీ-10. ఆ పని చేయాల్సింది పుస్తకంలో పేరున్న యజమాని, అంటే చాలా లీజుల్లో కంపెనీయే. పాత రాష్ట్రం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం వాళ్లే తీసుకోవాలి, ఒడిశాలో పన్ను మళ్లీ కట్టాలి, పాత రాష్ట్రంలో మిగిలిన పన్ను వాపసు కోసం వాళ్లే తిరగాలి. ఇవన్నీ వాళ్లు సాధారణంగా చేయరు. చేసినా ఖర్చు వాడుకునేవాళ్ల మీద వేస్తారు. వాడే ఊరు ఒకటి, పత్రంలో చిరునామా ఒకటి అయితే ఒప్పందం ఉల్లంఘించినట్టే అని కూడా చాలా పత్రాల్లో రాసి ఉంటుంది. ప్రమాదం జరిగిన రోజున ఆ వాక్యం గుర్తొస్తే లాభం లేదు. ఒడిశా నంబరుతో ఇవ్వగలరా, ఇస్తే అద్దె ఎంత అన్నది మొదటి రోజే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఇవ్వలేమంటే మాట అక్కడితో ఆపేయడమే మంచిది.

ఇదంతా చూసి కొందరు ఊళ్లో తెలిసినవాళ్ల కారును నెలవారీ బాడుగకు తీసుకుంటారు. ఖాళీగా ఉన్న కారు, నెలకు 10,000 ఇస్తే చాలంటారు. తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత వాడకం బండిని అద్దెకు ఇవ్వడానికి అనుమతి లేదు. సొంత కారు ఇన్సూరెన్సు పాలసీ అద్దెకు తిప్పిన సందర్భాలను మినహాయిస్తుంది. నెల నెలా ఫోన్‌పేలో వెళ్లిన 10,000 ఆ అద్దెకు రుజువవుతుంది. కంపెనీ లీజు ఖరీదైనదే అయినా కనీసం ఆ పాలసీ లీజు సంగతి తెలిసి రాసిన పాలసీ. నెలవారీ బాడుగలో ఆ రక్షణ కూడా లేదు.

ఇన్సూరెన్సు కంపెనీదే అన్నప్పుడు కూడా దాని లోపలికి చూడాలి. ఈ తీరానికి తుఫాన్లు కొత్త కాదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్‌లో తిత్లీ గజపతి జిల్లాను ముంచేసింది. వరద నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే నీరు ఇంజిన్‌లోకి లాగుకుని కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరు లేని మామూలు పాలసీలో ఆ నష్టం చాలాసార్లు రాదు. సొంత కారైతే ఆ కవరు మనమే చూసి కట్టుకుంటాం. లీజు కారులో పాలసీ ఎంచుకునేది కంపెనీ, క్లెయిం రాని భాగం కట్టేది వాడుకునేవాళ్లు. జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల ధరలో అరుగుదల కోత లేని కవరు), ఇంజిన్ రక్షణ రెండూ ఉన్నాయో లేదో పాలసీ నకలు తెప్పించుకుని చూడాలి. బండి పూర్తిగా పోతే ఇంకో ఇబ్బంది. మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన బండి విలువలో, అంటే బీమా విలువలో, 75 శాతం దాటితే పూర్తి నష్టంగా లెక్కిస్తారు, డబ్బు యజమానికి వెళుతుంది. బీమా విలువ మూడో ఏడాదికి 30 శాతం, నాలుగో ఏడాదికి 40 శాతం తగ్గి ఉంటుంది. లీజు పుస్తకంలో మిగిలిన విలువ అంతకంటే ఎక్కువ ఉంటే ఆ తేడా ఎవరు భరించాలన్న వాక్యం పత్రంలో తప్పక ఉంటుంది, వెతకాలి.

రాయగడ నుంచి కోరాపుట్ వైపు ఘాట్ రోడ్లలో తిరిగేవాళ్లకు క్లచ్, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు త్వరగా అరుగుతాయి. సర్వీసు మాదే అన్న మాటలో క్లచ్ ప్లేటు సాధారణంగా ఉండదు, టైర్లు ఉన్నా ఇన్ని వేల కిలోమీటర్లకు ఒకసారి అన్న హద్దు ఉంటుంది. దగ్గరలో కంపెనీ వర్క్‌షాపు లేని ఊళ్లవాళ్లు సర్వీసు తేదీ దాటేస్తే వారంటీకీ, ఒప్పందానికీ రెండింటికీ చిక్కు. ఊళ్లో మెకానిక్ దగ్గర 1,500లో అయ్యే పనికి బండిని బరంపురమో శ్రీకాకుళమో తీసుకెళ్లాల్సి రావడం కూడా ఖర్చే.

మరి లీజు ఎవరికి పనికొస్తుంది? యాజమాన్యమే లీజు తీసుకుని ఉద్యోగికి ఇచ్చే చోట, అదీ ఎక్కువ పన్ను కట్టే ఉద్యోగికి. అక్కడ అద్దె జీతంలోంచి పన్నుకు ముందే పోతుంది, బదులుగా ఒక చిన్న స్థిర మొత్తాన్ని ఆ సౌకర్యం విలువగా జీతానికి కలిపి దాని మీదే పన్ను వేస్తారు. 2026 మార్చి వరకు అమల్లో ఉన్న 1962 ఆదాయపు పన్ను నిబంధనల్లో, ఆఫీసు పనికీ సొంతానికీ వాడే, ఖర్చులు యాజమాన్యం భరించే 1.6 లీటర్ల లోపు ఇంజిన్ కారుకు అది నెలకు 1,800. ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి ఇప్పటి అంకెను ఆఫీసు జీతాల విభాగంలో అడగాలి. 1,800తో చూస్తే, 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు 17,700 అద్దె మీద 4 శాతం సెస్సుతో కలిపి నెలకు 4,960 పన్ను తగ్గుతుంది, నికర భారం 12,740 దగ్గర ఆగుతుంది. 48 నెలలకు 6,11,500. లోను దారి 5,88,000కు ఇది దగ్గరగా వచ్చింది. డౌన్ పేమెంటు అప్పు మీద పెడితే లీజే చౌక కావచ్చు.

కానీ కొత్త పన్ను విధానంలో 12.75 లక్షల జీతం వరకు పన్నే లేదు. ఆ లోపు జీతం ఉన్నవాళ్లకు, అంటే ఈ జిల్లాల్లోని టీచర్లు, క్లర్కులు, నర్సుల్లో అత్యధికులకు, తగ్గడానికి పన్ను ఉండదు. వాళ్లు 17,700కు 17,700 కట్టాల్సిందే. వ్యాపారులకు చెప్పే పన్ను మాట కూడా ఇలాగే చూడాలి. టర్నోవరు మీద 6 లేదా 8 శాతం లాభం చూపించి పన్ను కట్టే పద్ధతిలో ఉన్న దుకాణదారుకు కారు అద్దెను మళ్లీ ఖర్చుగా రాసుకునే వీలు లేదు. 13 సీట్ల లోపు కారు మీద కట్టిన జీఎస్టీని క్రెడిట్‌గా తీసుకోవడం, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడం కూడా మామూలు వ్యాపారికి కుదరదు. “లీజు తీసుకుంటే పన్ను కలిసొస్తుంది” అన్నవాళ్లను మీ రిటర్ను ఏ పద్ధతిలో వేస్తున్నారో చూసి చెప్పమని అడగాలి.

అప్పుల్లో ఉన్నవాళ్లకు అన్నింటికంటే ప్రమాదమైన వాక్యం మధ్యలో మానేయడం గురించి ఉంటుంది. ఆదాయం ఎప్పుడు తగ్గుతుందో తెలియని ఇంట్లో ఇది మొదట చదవాలి. 20వ నెలలో కట్టలేక కారు వెనక్కి ఇస్తే, నాలుగు నెలల అద్దె జరిమానా అన్న పత్రంలో 70,800 చేతినుంచి పోతుంది. అదే 20వ నెలలో లోను కారు అమ్మాల్సి వస్తే బాకీ 4,32,000 ఉంటుంది. కారు 5 లక్షలకు పోతే 68,000 మిగులు. స్థిర వడ్డీ లోను కాబట్టి 4 శాతం ముందస్తు ముగింపు రుసుము, దాని మీద జీఎస్టీ తీసేసినా 47,600 చేతికొస్తుంది. కష్టకాలంలో ఒక దారిలో డబ్బు వస్తుంది, ఇంకో దారిలో పోతుంది. రెండింటి మధ్య లక్షా పద్దెనిమిది వేల తేడా.

ఖాతాలో డబ్బు లేక అద్దె ఆటో డెబిట్ వెనక్కి వెళ్తే బ్యాంకు రుసుమూ, లీజు కంపెనీ రుసుమూ రెండూ పడతాయి. పదేపదే జరిగితే చెల్లింపు వ్యవస్థల చట్టం 2007 సెక్షన్ 25 కింద చెక్ బౌన్స్ లాంటి కేసే పెట్టవచ్చు. కాబట్టి ఇది అప్పు కాదు అద్దె మాత్రమే అనుకుని ఇంటి అప్పుల పట్టీలోంచి దీన్ని వదిలేయకూడదు. 48 నెలల లీజు మీద సంతకం అంటే 8.5 లక్షల బాధ్యత మీద సంతకం. లోనుకైతే 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకు ఏడాదికి అసలు పడే శాతం ఎంతో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. లీజు పత్రాల్లో సాధారణంగా ఆ శాతం కనపడదు, మనమే లెక్క వేసి తెలుసుకోవాలి.

పత్రం ఇంగ్లీషులో ఉంటుంది, వివాదాలు ముంబైలోనో గురుగ్రామ్‌లోనో తేల్చుకోవాలని అందులో రాసి ఉంటుంది. దానికి భయపడనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వినియోగదారు తాను ఉండే జిల్లాలోనే కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్ చాలు. అయితే ఫిర్యాదుకు బలం రావాలంటే కారు తీసుకున్న రోజే నాలుగు వైపులా, కింద, లోపల, మీటరు అంకెతో సహా ఫోటోలు తీసి కంపెనీకి ఈమెయిల్ పంపి ఉండాలి. తిరిగి ఇచ్చే రోజు గీత గీతకూ ధర కట్టేటప్పుడు ఆ ఫోటోలే మాట్లాడతాయి. తిరిగి ఇచ్చే తేదీకి నెల ముందే డెంటింగ్, పెయింటింగ్ పనులు మన వైపు వర్క్‌షాపులో చేయించుకుంటే, కంపెనీ వేసే బిల్లు కంటే తక్కువలో పోతుంది. అద్దాలు, రెండో తాళం, జాకీ, స్పేర్ టైరు అన్నీ ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోవాలి, రెండో తాళం పోగొట్టుకుంటే వేసే బిల్లు చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.